ఎర్ర నేల మీద ఎర్ర జెండా: ఆజంజాహి మిల్లు పటం గీసిన అనుభవం

2025 మే 1 సాయంత్రం వరంగల్ కొత్తవాడలో ఒక సంఘం హాల్లో, ఈ ఊరి పాత బట్టల మిల్లు ఆజంజాహి కథ పటం విప్పాం. పటం అంటే కథను వరుసలుగా బొమ్మల్లో గీసి చుట్టిపెట్టుకునే పొడవాటి బట్ట. మూడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పైనుంచి కిందికి ఏడు వరుసలు. పని మొదలైంది 2024 దీపావళి వెళ్లాక. చేర్యాల నకాషీ పద్ధతిలో, అంటే చేర్యాల ఊరి నకాషీ చిత్రకారులు పటాలు గీసే తీరులో, ఇప్పటి కథ గీద్దామనుకునే పిల్లలు రంగులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు గానీ, ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే చూసేవాళ్లకు ఏమని తోస్తుందో అడగరు. కాలమంతా పోయేది అక్కడే. అందుకే జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

ఈ కథకు ఈ పద్ధతే ఎందుకంటే, గౌడులకు, గొల్లలకు, ముదిరాజులకు ఎవరి పటం వాళ్లకున్నట్టే పద్మశాలీలకూ పటం ఉంది. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులి వాళ్లు ఊరూరా తిరిగి మార్కండేయ పురాణం, భావనారుషి కథ పాడేది దాని ముందు నిలబడే. 1934లో మొదలైన మిల్లులో తరాల పాటు నూలు వడికి, బట్ట నేసి, అది మూతపడ్డాక సూరత్‌కూ భివండీకీ వెళ్లినవాళ్లలో ఆ కథ విన్న ఇళ్లవాళ్లు ఎందరో ఉన్నారు. నేత కులం కథ చెప్పిన బట్ట మీదే నేత కూలి కథ రావాలి. ఇంకో మాధ్యమం గురించి ఆలోచించలేదు.

నవంబర్ అంతా కుంచె ముట్టలేదు. గుర్తులు తేల్చుకోవడమే పని. పోస్టుకార్డు సైజు అట్టముక్కల మీద ఒక్కో గుర్తు ఒక్కో దాని మీద, రంగు లేకుండా, నల్ల గీతతో గీసి మిల్లులో పనిచేసిన పెద్దమనుషులకు, వాళ్ల మనవలకు విడివిడిగా చూపించాను. ఏమీ చెప్పకుండా "ఇదేంది?" అని మాత్రమే అడగాలి. మనం ఒక్క మాట అందించినా పరీక్ష పాడవుతుంది, ఎందుకంటే పెద్దలు మన మనసు నొప్పించొద్దని మనకు కావలసిన జవాబే చెప్తారు.

యంత్రాల పళ్ల చక్రం చూసి ఎవరూ మిల్లు అనలేదు. కొందరు యూనియన్ అన్నారు, కొందరు ఏదో పార్టీ గుర్తన్నారు. మూతపడిన మిల్లుకు తాళం కప్ప గీస్తే "ఊరికి పోయిండ్రా?" అని అడిగారు. వలస వెళ్లిన ఇంటి గుర్తుగా అది పనికొస్తుందని పక్కన పెట్టుకున్నాను. గడియారం ఎవరికీ ఏమీ చెప్పలేదు. మిల్లు కాలనీ వాళ్లకు పొద్దు తెలిసింది గడియారంతో కాదు, సైరన్‌తో. కానీ మోతను బొమ్మ గీయడమెట్లా? పాత పటాల్లో మోత అంటే కొమ్ము ఊదేవాడే. పొగ గొట్టం కొసకు వంపు తిరిగిన కొమ్ము తగిలించి గీసి చూపిస్తే, డెబ్బై దాటిన ఒక తాత కార్డు చేతిలోకి తీసుకొని "మొదటి సైరన్ గిదే. గిది కూసినంక గేటు కాడ లేకుంటే ఆ పూట కూలి పాయె" అన్నాడు. ఆ గుర్తు ఇక మార్చలేదు.

పెద్దవాళ్లకు, కుర్రవాళ్లకు ఒకే గుర్తు రెండు రకాలుగా కనబడేది తామరతూడు దగ్గర. భావనారుషి తామరతూడు నారతో బట్ట నేశాడన్న కథ పద్మశాలి పెద్దలకు చెప్పనక్కర్లేదు. తామర కాడ నుంచి పోగు బయల్దేరితే చాలు, చేతులు జోడిస్తారు. ఇరవై ఏళ్లవాళ్లకు, మిల్లులో పనిచేసిన ముస్లిం కుటుంబాలవాళ్లకు అది పూలతీగ. రెండు పక్షాలకూ అందాలంటే పోగు ఒక కొన తామరలో, రెండో కొన కదురు మీద ఉండాలి. అప్పుడు కథ తెలిసినవాళ్లకు రుషి కనబడతాడు, తెలియనివాళ్లకు నూలు కనబడుతుంది. ఆ తెల్ల పోగునే ఏడు వరుసల అంచుల వెంబడి పారించాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. మామూలుగా వరుసకూ వరుసకూ మధ్య పూల అంచు వస్తుంది. ఇక్కడ పూల మధ్యలోంచి పోగు నడుస్తుంది.

మొదటి వరుసలో వినాయకుడు ఉండాలా వద్దా అన్నదాని మీద డిసెంబర్ మొదటి వారమంతా మాటలు నడిచాయి. మిల్లు అందరిదీ కదా అని నా సందేహం. చేర్యాలలో సలహా ఇచ్చిన నకాషీ అన్న మాత్రం "వినాయకుడు లేకుంటే కథ మొదలుకాదు, బట్ట బట్టలెక్కనే ఉంటది" అన్నాడు. ఆయన మాటే నిలిచింది. జానెడు ఎత్తు వినాయకుడు, పక్కన పులి మీద భావనారుషి. మిల్లు గేటు వరుసలో కాజీపేట దర్గాకు పోయే ఆకుపచ్చ చాదర్ మోస్తున్న ముగ్గురు కార్మికులు. ఆకుపచ్చను ఇక ఏ బట్టకూ వాడలేదు. ఆకులకు, చిలకలకు మాత్రం తప్పదు. ఒక రంగును ఒక గుర్తుకు కేటాయిస్తే పటమంతా ఆ కట్టుబాటు పాటించాలి, ఇంకోచోట చీరకో తలపాగాకో వేశామంటే చాదర్ విలువ పోతుంది.

బట్ట పని డిసెంబర్ మూడో వారంలో పట్టాను. చేతినేత ఖద్దరు, మందపుది. కొత్త బట్టలో గంజి ఉంటుంది, అది పోకపోతే పూత లోపలికి దిగదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉడికించి, పిండి ఆరేయాలి. ఆరాక పన్నెండడుగుల పటానికి పదమూడున్నర అడుగులు కోసుకోవాలి, ఎందుకంటే పొడవులో కొంత ముడుచుకుపోతుంది, రెండు కొసల్లో కర్రలు దూర్చడానికి మడత కావాలి.

పూతకు కావలసినవి బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక నీళ్లు. అరకిలో చింతగింజలు పెనం మీద పెంకు పగిలేదాకా వేయించి, రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు రుద్ది తీసి, మెత్తగా రుబ్బి, సన్న మంట మీద గంటన్నర కలుపుతూనే ఉడికించాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది, మాడిన వాసన పటానికి నెలల తరబడి ఉంటుంది. పలుచటి బట్టలో వడకట్టాక నలకలు మిగలకూడదు. నలక మిగిలిన చోట గీత గీసేటప్పుడు కుంచె ఎగురుతుంది. ఈ అంబలి చలికాలంలో రెండు రోజులు ఆగుతుంది, ఎండాకాలంలో సాయంత్రానికే పులుస్తుంది. పులిసింది వాడితే పూత మీద పసుపు మచ్చలు, తరవాత బూజు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, వంట గిన్నెల్లో కలపొద్దు, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

సుద్ద ఎంత వేయాలన్నదే పటం ఆయుష్షు తేల్చేది. ఈ కొలతకు మూడు పూతలకూ కలిపి కిలో సరిపోయింది. తెల్లగా మెరవాలని ఇంకా వేస్తే మొదటిసారి చుట్టినప్పుడే అడ్డంగా పగుళ్లు వస్తాయి. తక్కువ వేస్తే నేత గళ్లు కనబడి రంగు మరకలుగా పీలుస్తుంది. దోసె పిండికి కాస్త పలుచనగా మొదటి పూత, ఆ తరవాతవి ఇంకొంచెం పలుచన. మొదటిది పడుగు (నిలువు పోగుల) వెంట, రెండోది పేక (అడ్డ పోగుల) వెంట, మూడోది మళ్లీ పడుగు వెంట. వరంగల్‌లో పొగమంచు రోజుల్లో ఒక్కో పూత ఆరడానికి దాదాపు రెండు రోజులు పట్టింది, అదే ఫిబ్రవరి ఎండలో పూట చాలు. ఎండలో మాత్రం నేరుగా పెట్టొద్దు, అంచులు ముందు ఆరి బట్ట మెలితిరుగుతుంది. చివర నున్నటి గుండ్రాయితో వెనకవైపు, ముందువైపు రుద్దాలి. వేలి కొసకు సుద్ద అంటకపోతే బట్ట తయారైనట్టు. సంక్రాంతి నాటికి ఆ స్థితికి వచ్చింది.

చేర్యాల పద్ధతిలో పెన్సిల్ లేదు, కుంచెతోనే నేరుగా గీత. బొమ్మల చుట్టుగీతలు పడ్డాక మొదట వేసేది నేల ఎరుపు (బొమ్మల వెనక జాగా నింపే రంగు), ఆ తరవాత ఒంటి రంగులు, బట్టలు, నగలు, చిట్టచివర నల్ల గీత. ఈ వరుస మారిస్తే ఎరుపు అన్నిటి మీదకూ ఎక్కుతుంది.

అసలు చిక్కు ఈ ఎరుపుతోనే. పాత పటంలో ఎరుపు నేల మాత్రమే, అది కథలో పాత్ర కాదు. మిల్లు కథలో నాలుగో వరుస సమ్మె. అక్కడ ఎర్ర జెండా ఉండి తీరాలి. ఎర్ర నేల మీద ఎర్ర జెండా ఎట్లా కనబడుతుంది? అందుకే అసలు పటం ముట్టకముందు అదే పూత వేసిన మూరెడు గుడ్డముక్కల మీద పరీక్షలు పెట్టాను. మొదటిది, నేలను జేగురు కలిపిన ముదురు ఎరుపు చేసి జెండాను మెరిసే ఎరుపు చేయడం. చేతిలో పట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది, పదడుగుల దూరానికి రెండూ కలిసిపోతాయి. పటం చూసేది పదిహేను, ఇరవై అడుగుల నుంచి. రెండోది, జెండాను సింధూరం రంగులోకి జరపడం. కనబడింది గానీ, అది ఇంకో జెండా అయిపోయింది. ఇది పనికిరాదని చెప్పడానికి ఎవరినీ అడగనవసరం లేదు.

మూడోది, జెండా చుట్టూ బియ్యపుగింజ మందం తెల్ల గీత. కంటికి ఇది చక్కగా కుదిరింది. కానీ ఈ పటంలో తెల్ల గీత, తెల్ల చుక్క పడేది నగలకు, కిరీటాలకు. కార్డులు చూసిన ఆ తాతే గుడ్డముక్క చూసి "గిదేంది బిడ్డా, మా జెండకు సొమ్ములు వెట్టినవ్?" అన్నాడు. గీత తుడిపేశాను.

చివరికి కుదిరింది ఏమిటంటే, జెండాను నేల మీద కాకుండా మనుషుల మీద గీయడం. తెల్ల బనీన్లు, తెల్ల ధోవతులు, తెల్ల పైజామాల్లో కార్మికుల గుంపును వరుస వెడల్పంతా నింపేసి, జెండా గుడ్డ వాళ్ల ఛాతీల మీదుగా పరుచుకునేటట్టు వేశాను. తెలుపు మీద ఎరుపు ఇరవై అడుగుల నుంచి కూడా తెలుస్తుంది. పైగా జెండా వెనక మనుషులున్నారు కాబట్టే జెండా కనబడుతోందన్న మాట పాటగాడు నోటితో చెప్పకపోయినా బొమ్మే చెప్తుంది. ఇంత మేలు నేను ముందు ఊహించలేదు, రంగుల ఇరుకే దాన్ని ఇచ్చింది. నేల ఎరుపు మార్చి గోధుమో నలుపో చేసుకొమ్మని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అట్లా చేస్తే ఇబ్బంది పోతుంది, పటం చేర్యాలది కాకుండా పోతుంది.

పాతకాలపు ఎరుపు ఇంగిలీకం. అందులో పాదరసం ఉంటుంది కాబట్టి ఇంట్లో నూరే పని పెట్టుకోవద్దు. పొడి రంగు కొని బంక నీళ్లలో నూరుకోవడం మేలు. బంక ఎక్కువైతే నేల తళతళమని మెరిసి, చుట్టినప్పుడు పొలుసులుగా లేస్తుంది. తక్కువైతే తుడిచిన గుడ్డకు ఎరుపు అంటుతుంది. ముక్క మీద వేసి, ఆరాక బొటనవేలితో గట్టిగా రుద్ది చూసుకోవాలి. ఇంకో మాట, నేల మొత్తానికి సరిపడా ఎరుపు ఒకేసారి కలిపి పెట్టుకోవాలి. మధ్యలో మళ్లీ కలిపితే ఎంత కొలిచినా ఛాయ తేడా వస్తుంది, అతుకు కనబడుతుంది.

ఫిబ్రవరిలో ఒంటి రంగుల దగ్గరకొచ్చేసరికి ఇంకో కట్టుబాటు అడ్డొచ్చింది. ఈ పటాల్లో విష్ణువు, కృష్ణుడు నీలం, దేవతలు పసుపు, మామూలు మనుషులు గులాబీ ఛాయ, ముదురు గోధుమ రాక్షసులకు. బాయిలర్ దగ్గర పనిచేసే మనిషికి గులాబీ ఒళ్లు పెడితే ఆయన ఈ ఊరివాడు కాడు. గోధుమ పెడితే పటం చదవడం తెలిసినవాళ్లకు రాక్షసుడు. దారి చూపించింది పాత పటం కాదు, ఇప్పటి చిత్రకళ. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బొమ్మల్లో ఆడవాళ్లు, మగవాళ్లు ముదురు గోధుమ ఒంటితోనే ఉంటారు. పక్కన ఎరుపు, పసుపు కలగలపకుండా నిండుగా పడతాయి, నుదుటి మీద పెద్ద బొట్టు. దశాబ్దాలుగా ఆ బొమ్మలు క్యాలెండర్ల మీద, గోడల మీద చూసిచూసి నల్లటి ఒళ్లు మన ఇంటి మనిషిదేనన్న చూపు జనానికి అలవాటైంది. ఆ అలవాటును ఆసరా చేసుకొని పటంలో అందరికీ గోధుమ ఒళ్లే వేశాను, పులి మీది భావనారుషితో సహా. రుషికీ కార్మికుడికీ ఒకే రంగు వచ్చాక రాక్షసుడి ఊసు ఎవరికీ రాదు. కోరలు, గుండ్రటి గుడ్లు ఎవరికీ పెట్టలేదు. యాజమాన్యాన్ని రాక్షసుడిగా గీయమని ఒకరిద్దరు గట్టిగానే అడిగారు. మిల్లును ప్రేమించినవాళ్లు, మిల్లు మీద కోపమున్నవాళ్లు ఒకే ఇంట్లో ఉన్న ఊరు ఇది, అట్లా తేల్చేయడం నాకు న్యాయమనిపించలేదు.

నీలం తక్కువ వాడాను. పొగను నీలం చేస్తే దేవుడి రంగవుతుంది, బూడిద రంగు ఈ పద్ధతిలో ఇమడదు. దీపపు మసితో నూరిన నలుపునే మెలికలుగా తిప్పి మేఘంలా వేశాను.

ఆరో వరుస మూతపడడం. ఇక్కడ గట్టిగా తెలిసొచ్చింది, నకాషీ పటంలో ఖాళీ అన్నది గుర్తుగా చెల్లదు. ఇంకో తరహా చిత్రంలో ఖాళీ గోడ గీస్తే దుఃఖం అంటారు. ఇక్కడ చెట్టో చిలకో పువ్వో లేని ఎర్ర జాగా చూస్తే పని పూర్తి కాలేదంటారు. ముక్క మీద చూపించినప్పుడు అడిగిన మొదటి మాటే అది, "ఈడ ఇంకేం వేస్తవ్?" అని. అందుకని ఖాళీని చుట్టూ కట్టడి చేయాల్సి వచ్చింది. పొగ గొట్టం మీది కొమ్ము కిందికి వాలింది, పొగ లేదు, అంచులో పారుతున్న తెల్ల పోగు ఆ వరుస దగ్గర తెగి రెండు కొసలూ విడిగా వేలాడాయి. ఐదు వరుసలుగా పోగును చూసుకుంటూ వచ్చిన కన్ను అక్కడ ఆగుతుంది. ఏడో వరుసలో రైలుపెట్టె, తాళం కప్ప ఉన్న తలుపు, సాంచాల (మరమగ్గాల) మధ్య నిలబడ్డ మనిషి. పోగు మళ్లీ మొదలయ్యేది రైలు కిటికీలోంచి.

నల్ల గీత ఏప్రిల్ మొదటి రెండు వారాలు. ఉడుత వెంట్రుకల కుంచెలు సన్నవి రెండు, అంతే. ఎండ ముదిరాక గిన్నెలో నలుపు పావుగంటకే చిక్కబడుతుంది, చిక్కబడితే గీత మధ్యలో తెగుతుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిదింటి లోపు గీసుకోవడమే ఉపాయం. ఫ్యాన్ వేయొద్దు.

ఖర్చు సంగతి. బట్టకు వెయ్యి లోపు, రంగులకు బంకకు కలిపి మూడు వేల దాకా, కుంచెలకు రెండు వేలు, కర్రలకు నిలబెట్టే మూడుకాళ్ల చట్రానికి పన్నెండు వందలు. చింతగింజలు, గంజి లెక్కలోకి రావు. అన్నిటికన్నా పెద్ద మొత్తం చేర్యాల అన్నకు ఇచ్చిన మర్యాద, పదిహేను వేలు. అది బేరం ఆడే చోటు కాదు. తరతరాల పని నేర్పుతున్నారు, ఆ పటం కింద వాళ్ల పద్ధతి అని చెప్పడం కూడా మన బాధ్యతే.

మే 1న వేలాడదీసినప్పుడు అనుకోనిది వెలుతురు. హాల్లో తెల్ల ట్యూబులైట్ల కింద నేల ఎరుపు చచ్చి ఇటుక రంగులోకి దిగింది, జెండా కూడా. పక్క ఇంట్లోంచి పాతరకం పసుపు బల్బులు రెండు తెచ్చి రెండు పక్కల నుంచి వాలుగా పెడితే ఎరుపు తిరిగొచ్చింది. రాత్రుళ్లు కందిలీల వెలుతురులో చూడడానికి పుట్టిన రంగులివి, ముందే ఆ దీపం కింద చూసుకోవాలి. రెండోది ఎత్తు. మొత్తం పన్నెండడుగులూ ఒకేసారి విప్పితే కింది వరుసలు ముందు కూర్చున్నవాళ్ల తలల వెనక పోతాయి. పాత పద్ధతి ప్రకారం కింది కర్రకు చుట్టి ఉంచి, కథ నడిచినకొద్దీ రెండేసి వరుసలు విప్పడమే సరి.

జనం చదివిన తీరు చాలావరకు అనుకున్నట్టే వచ్చింది. కొమ్ము దగ్గర పెద్దవాళ్లు తమంతట తామే సైరన్ వేళలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. సమ్మె వరుస దగ్గర ఒకామె గుంపులో వేలు పెట్టి "గీయన మా బాపు" అని చూపించింది. ఆ ముఖం ఎవరినీ చూసి గీసింది కాదు, ఆమెను నేను సరిచేయలేదు. అనుకోని చోట అర్థం పుట్టింది ఏడో వరుసలో. రైలుపెట్టెకు కాషాయ అంచు వేసింది కేవలం పక్కనున్న తెలుపును ఎత్తి చూపడానికి. ఒక కుర్రవాడు దాన్ని ఓట్ల గుర్తనుకున్నాడు. మరునాడే ఆ అంచును పసుపు చేశాను. బంక రంగు కాబట్టి తడిగుడ్డతో అద్ది తీసి మళ్లీ వేయొచ్చు, సుద్ద పూత దాకా తడి దిగకుండా చూసుకోవాలి.

పటం చుట్టేటప్పుడు బొమ్మ బయటివైపు ఉండాలి. లోపలికి చుట్టితే రంగు నలిగి ముడతల వెంట రాలుతుంది. ఆరంగుళాల పీవీసీ గొట్టానికి ముందు ఉతికిన తెల్ల బట్ట చుట్టి, దాని మీద పటం, మధ్యలో ఇంకో పలుచటి నూలు బట్ట. ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు, వానాకాలంలో చింతగింజల పూతకు బూజు పట్టేది అక్కడే. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి గొట్టం లోపల పెట్టి, నెలకోసారి నీడలో విప్పి పూట సేపు గాలికి ఉంచితే చాలు. ఆగస్టులో ఒకసారి విప్పి చూశాను, కింది అంచులో గోరంత రంగు లేచింది, పలుచటి బంక నీళ్లు అద్దితే అతుక్కుంది.